మధుమేహానికి మొక్కల మందు: సారాల పరీక్ష

ఒక మొక్క ఆకు, గింజ, బెరడు, వేరులలో దేన్నుంచైనా రాబట్టిన సారం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందా, తగ్గిస్తే ఎంత, ఏ దారిన, ఎవరిలో, ఏ ముప్పుతో అన్నది క్రమపద్ధతిలో తేల్చే పని ఇది. వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, ఔషధశాస్త్రం, వైద్యం నాలుగూ ఇందులో కలుస్తాయి. పని మొదలయ్యేది అడవిలోనో పెరట్లోనో. ముగియాల్సింది మనుషుల మీద జరిగే పోలిక పరీక్షలో. ఈ దారిన బయల్దేరిన మొక్కల్లో ఎక్కువ భాగం ఎలుకల గది దగ్గరే ఆగిపోయాయి. వాటిలో కొన్ని పనికిరావని తేలినవి. మిగిలినవాటిని పట్టుకుని ముందుకు నడిచినవాళ్ళు లేరు.

భారత వైద్య పరిశోధన మండలి జరిపిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని, పెద్దవారిలో అది 11.4 శాతమని ఆ సర్వే లెక్కగట్టింది. వీరిలో మాత్రతో పాటు మెంతుల నీళ్ళో, కాకర రసమో, ఏదో ఒక ఆకు పొడో తీసుకునేవారు తెలుగు ఇళ్ళలో కొల్లలు. అందుకే ఈ పరీక్షల ఫలితాలు పరిశోధకులకు ఎంత అవసరమో మామూలు పాఠకులకూ అంతే అవసరం.

పాత అనుభవం చెప్పేది, చెప్పనిది

చరక, సుశ్రుత సంహితలు మూత్ర సంబంధమైన జబ్బుల సముదాయమైన ప్రమేహాన్ని ఇరవై రకాలుగా విభజించాయి. మూత్రం తియ్యగా ఉండడం, దానికి చీమలు పట్టడం గమనించాయి. స్థూలకాయంతో వచ్చేదానికీ, చిక్కిపోయిన మనిషికి వచ్చేదానికీ వేర్వేరు చికిత్సలు చెప్పాయి. ఆ పరిశీలన గొప్పది. అయితే ఆనాటి వైద్యుడికి అందుబాటులో ఉన్న కొలతలు దాహం, మూత్రం, నీరసం మాత్రమే. దాహం తగ్గడం వేరు, రక్తంలో చక్కెర తగ్గడం వేరు. కళ్ళు, మూత్రపిండాలు, నరాలు చెడిపోకుండా కాపాడడం మరీ వేరు. సంప్రదాయం ఏ మొక్కను వెతకాలో చెబుతుంది. ఆ మొక్క పనిచేస్తుందా లేదా అన్నది కొలిచి చూసుకోవాల్సిందే.

1989లో డయాబిటిస్ కేర్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, ప్రపంచవ్యాప్తంగా మధుమేహానికి వాడిన మొక్కల చికిత్సలు 400కు పైగా ఉన్నాయని చెప్పింది. తర్వాతి జాబితాలు ఇంకా పెరిగాయి. వీటిలో శాస్త్రీయంగా చూసినవి కొన్నే, మనుషుల్లో సరిగా చూసినవి మరీ కొన్ని.

మూడు మొక్కల చరిత్ర

ఈ రంగంలో అందరూ మొదట చెప్పే పేరు గలీగా అఫిసినాలిస్. యూరప్ పచ్చిక బయళ్ళలో పెరిగే ఈ మొక్క తిని గొర్రెలు చనిపోయేవి. దానిలోని గలీగిన్ అనే పదార్థం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని 1920లలో మనుషులకు ఇచ్చి చూశారు. విషగుణం ఎక్కువ కావడంతో వదిలేశారు. దానికి రసాయనంగా దగ్గరి బంధువైన మెట్‌ఫార్మిన్‌ను డబ్లిన్‌లో ఎమిల్ వెర్నర్, జేమ్స్ బెల్ 1922లోనే తయారుచేశారు. అదే ఏడాది ఇన్సులిన్ వైద్యంలోకి రావడంతో దాన్ని పట్టించుకున్నవారు లేరు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో రోగుల మీద దాని ఫలితాలు ప్రచురించాడు. అమెరికాలో అది రోగులకు అందింది 1995లో. మెట్‌ఫార్మిన్ ఆ మొక్కలో ఉండదు. మొక్క చూపిన జాడను పట్టుకుని, విషాన్ని వదిలించి, ప్రయోగశాలలో కూర్చిన మందు అది. మెట్‌ఫార్మిన్ మొక్క నుంచే వచ్చింది కాబట్టి మొక్కలన్నీ క్షేమమని వాదించేవారు ఆ గొర్రెల సంగతి మరిచిపోతున్నారు.

రెండోది మన ముంగిళ్ళలోని బిళ్ళగన్నేరు. జమైకాలో దీని ఆకుల కషాయం చక్కెర వ్యాధికి తాగేవారు. 1950లలో ఆ ఆకులు కెనడాలోని వెస్ట్రన్ ఒంటారియో విశ్వవిద్యాలయానికి చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఆ సారాన్ని ఎలుకలకు ఇచ్చి చూస్తే చక్కెర చెప్పుకోదగినంత తగ్గలేదు. సారాన్ని సూది ద్వారా ఇచ్చిన ఎలుకలు మాత్రం ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి. చూస్తే వాటి తెల్ల రక్తకణాలు పడిపోయి ఉన్నాయి. ఆ గమనింపు నుంచే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు 1958లో వెలుగు చూసింది. వెంటనే విన్‌క్రిస్టిన్ వచ్చింది. పిల్లల రక్త క్యాన్సర్ చికిత్సలో అది నేటికీ ముఖ్యమైన మందు. మధుమేహం కోసం మొదలైన పరీక్ష వేరే వ్యాధికి మందు తెచ్చిపెట్టింది. దీనికి రెండో వైపు కూడా ఉంది. షుగరు తగ్గుతుందని రోజూ పొద్దున్నే బిళ్ళగన్నేరు ఆకులు నమిలేవారు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు నమిలేది ఎముక మజ్జను అణచగల ఆల్కలాయిడ్లున్న ఆకు. ఆ అలవాటు మానుకోవాలి.

మూడోది ఆపిల్ చెట్టు బెరడు. అందులోని ఫ్లోరిజిన్‌ను 1835లో వేరుచేశారు. అది ఇచ్చిన కుక్కల మూత్రంలో చక్కెర పోతోందని జర్మన్ వైద్యుడు ఫాన్ మేరింగ్ 1886లో చూపాడు. మూత్రపిండం చక్కెరను తిరిగి పీల్చుకునే దారిని అది మూసేస్తుందని తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. పేగుల్లో అది విరిగిపోతుంది కాబట్టి నేరుగా మందుగా పనికిరాలేదు. దాని నమూనా మీద కూర్చిన డాపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు 2010ల మొదట్లో బజారుకు వచ్చాయి. ఇవాళ వాటిని గుండె, మూత్రపిండాల రక్షణకు కూడా వాడుతున్నారు.

మొక్క చేతికి వచ్చాక

పరీక్షలో మొదటి పని మొక్క ఏదో రూఢి చేసుకోవడం. సేకరించిన కొమ్మను పువ్వు, కాయతో సహా అణచి, ఎండబెట్టి, అట్ట మీద అతికించి, సంఖ్య వేసి హెర్బేరియంలో దాచాలి. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది కానీ చాలా వివాదాలు ఇక్కడే పుడతాయి. 2021లో ముంబై వైద్యులు తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ప్రచురించినప్పుడు, అది అసలు తిప్పతీగేనా, దాన్ని పోలిన మరో జాతి తీగా అన్న ప్రశ్నే చర్చకు కేంద్రమయింది. మన నర్సరీల్లో ఇన్సులిన్ మొక్క పేరుతో అమ్మేది దక్షిణ అమెరికాకు చెందిన కాస్టస్ జాతి మొక్క. అందులో ఇన్సులిన్ ఉండదు. దాని మీద జరిగిన పని చాలావరకు ఎలుకల్లోనే. పేరే ప్రచారమై అది వేలాది పెరళ్ళకు చేరింది.

తర్వాత ఆకును నీడలో ఆరబెట్టి పొడి కొడతారు. ఎండలో పెడితే కొన్ని పదార్థాలు చెడిపోతాయి. పొడిని కాగితపు గొట్టంలో నింపి సాక్స్‌లెట్ పరికరంలో పెడతారు. కింది కుండలో ద్రావణి మరిగి, ఆవిరై, పైన చల్లబడి, చుక్కలు చుక్కలుగా పొడి మీద పడుతుంది. గొట్టం నిండగానే సారంతో సహా ఒక్కసారిగా కిందికి దిగుతుంది. గంటల తరబడి ఇదే చుట్టు తిరుగుతుంది. పాలలో కొవ్వును కొలిచేందుకు జర్మనీలో 1879లో రూపొందిన పరికరం ఇది. మొదట హెక్సేన్, తర్వాత ఇథైల్ ఎసిటేట్, ఆపైన మిథనాల్, చివర నీరు అన్న వరుసలో ద్రావణులు మారుస్తారు. ఒక్కో ద్రావణిలో ఒక్కో జాతి పదార్థాలు దిగుతాయి. ద్రావణిని ఆవిరిగా తొలగించాక మిగిలే జిగట ముద్దే సారం. వంద గ్రాముల పొడికి ఎన్ని గ్రాముల ముద్ద వచ్చిందన్నది తప్పకుండా రాసుకోవాలి. ఆ అంకె లేకపోతే తర్వాతి లెక్కలకు అర్థం ఉండదు.

ఒకే మొక్క అయినా నేల, కాలం, రకం మారితే సారం మారుతుంది. అందుకే గుర్తింపు పదార్థం ఒకటి ఎంచుకుని, ప్రతి విడతలో అది ఎంత శాతం ఉందో కొలిచి చూపాలి. పొడపత్రికి జిమ్నీమిక్ ఆమ్లాలు, దారుహరిద్రకు బెర్బెరిన్ ఆ పాత్ర వహిస్తాయి. ఈ కొలత లేకుండా అచ్చయిన పరిశోధన పత్రాన్ని మరొకరు మళ్ళీ చేసి చూడలేరు.

గాజు పళ్ళెంలో

తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్షలు ఎంజైముల మీద జరిగేవి. పిండి పదార్థాన్ని విరగ్గొట్టే ఆల్ఫా అమైలేజ్, ఆల్ఫా గ్లూకోసైడేజ్ ఎంజైములను సారం ఎంతవరకు ఆపుతుందో రంగు మార్పును బట్టి కొలుస్తారు. అకార్బోజ్ అనే మందును పోలికకు పెడతారు. శ్రీలంకలోనూ దక్షిణ భారతంలోనూ వాడే, సప్తరంగి అని పేరున్న సలేషియా జాతి వేరు నుంచి సలాసినాల్ అనే గట్టి నిరోధకాన్ని జపాన్ శాస్త్రవేత్తలు 1990లలో వేరుచేశారు. ఈ పద్ధతికి అది మంచి ఫలితం.

ఇదే పద్ధతిలో ఒక లోపం తరచూ దొర్లుతుంది. చౌకగా దొరికే ఎంజైము ఈస్టు నుంచి వచ్చేది. అకార్బోజ్ క్షీరదాల పేగు ఎంజైము మీద బలంగా పనిచేస్తుంది, ఈస్టు ఎంజైము మీద చాలా బలహీనం. అందువల్ల ఈస్టు ఎంజైముతో పరీక్షిస్తే ఏ ఆకు సారమైనా అకార్బోజ్ కంటే ఎన్నో రెట్లు మెరుగని కనిపిస్తుంది. అలాంటి వాక్యం కనిపించినప్పుడు ఎంజైము ఎక్కడిదో చూడాలి. టానిన్లు ఎక్కువున్న కరక్కాయ, తుమ్మ వంటి సారాలు ఏ ప్రొటీనునైనా పట్టుకుని ముద్ద చేస్తాయి. అదీ నిరోధంగానే నమోదవుతుంది. పసుపులోని కర్కుమిన్‌కు సొంత రంగు, వెలుగు ఉండడం వల్ల, అణువులు గుమికూడడం వల్ల ఎన్నో పరీక్షల్లో తప్పుడు ఫలితం చూపిస్తుందని 2017లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష వివరించింది.

కణాల మీద పరీక్షలు దీని తర్వాతి మెట్టు. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను విడుదల చేస్తున్నాయా, కండర కణాలు చక్కెరను లోపలికి తీసుకుంటున్నాయా అని చూస్తారు. ఇక కంప్యూటరులో అణువును ప్రొటీనుకు జతకలిపి చూసే డాకింగ్ ఇటీవల ఎక్కువయింది. అది ఊహకు సాయపడుతుంది, రుజువు కాదు.

ఎలుకల గదిలో

మన విశ్వవిద్యాలయాల్లో ఈ రంగపు పని అత్యధికం ఇక్కడ జరిగిందే కాబట్టి దీన్ని వివరంగా చూడాలి.

ముందు విషపరీక్ష. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం కిలో బరువుకు 2000 మిల్లీగ్రాముల దాకా సారం ఇచ్చి పద్నాలుగు రోజులు గమనిస్తారు. జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదు. తర్వాత ఎలుకలకు మధుమేహం తెప్పించాలి. దీనికి రెండు రసాయనాలు వాడుకలో ఉన్నాయి. అలోక్సాన్ క్లోమంలోని బీటా కణాలను చంపుతుందని 1943లో గ్లాస్గోలో బయటపడింది. స్ట్రెప్టోజోటోసిన్ సంగతి 1963లో తెలిసింది. రెండోది ఎక్కువ వాడుకలో ఉంది. రాత్రంతా పస్తు ఉంచిన ఎలుకకు కిలోకు 50-60 మిల్లీగ్రాముల చొప్పున, చల్లటి సిట్రేట్ ద్రావణంలో అప్పటికప్పుడు కలిపి పొట్టలోకి సూది వేస్తారు. కలిపి నిలవ ఉంచితే మందు విరిగిపోతుంది. చనిపోతున్న బీటా కణాలు తమలోని ఇన్సులిన్‌ను ఒక్కసారిగా వదలడంతో ఆ రాత్రి ఎలుక చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. అందుకని తాగే నీటిలో గ్లూకోజ్ కలిపి ఉంచుతారు. మూడు రోజుల తర్వాత తోక కొసన చిన్న గాటు పెట్టి ఒక్క చుక్క రక్తం గ్లూకోమీటరు పట్టీ మీద వేస్తే 250 దాటి అంకె కనిపించాలి. అలాంటి ఎలుకల్నే పరీక్షకు తీసుకుంటారు.

గుంపుకు ఆరు ఎలుకలు. ఒక గుంపు ఆరోగ్యంగా ఉన్నది, ఒకటి మందు లేకుండా వదిలేసిన మధుమేహపు గుంపు, ఒకటి గ్లిబెన్‌క్లమైడ్ అనే చక్కెర మాత్ర తీసుకునేది, మిగిలినవి సారాన్ని వేర్వేరు మోతాదుల్లో తీసుకునేవి. మూడు నాలుగు వారాలు గొట్టంతో నోటిద్వారా ఇస్తూ చక్కెర, బరువు, కొవ్వులు, కాలేయపు ఎంజైములు చూస్తారు. చివర క్లోమాన్ని పలచటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడతారు.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ జీవరసాయన శాస్త్ర విభాగం ఈ పద్ధతిలో శేషాచలం కొండల మొక్కలను వరసగా పరీక్షించింది. కాసరకాయ పొడి మీద 1999లో, ఎర్రచందనం బెరడు మీద, మొగి గింజల మీద 2001లో, తర్వాత తెల్లకరక కాయల మీద ఫలితాలు ప్రచురించింది. వీటిలో కొన్ని దాదాపుగా ఆ కొండల పరిసరాలకే పరిమితమైన జాతులు. స్థానిక వైద్యుల జ్ఞానం, స్థానిక అడవి, స్థానిక ప్రయోగశాల ఒకచోట కలిసిన పని కాబట్టి దీనికి విలువ ఉంది. తంగేడు పూల సారం మధుమేహపు ఎలుకల్లో చక్కెరను తగ్గించినట్టు తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయం 2002లో చూపింది. తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు మీద మనుషుల్లో పెద్ద పరీక్ష జరగవలసే ఉంది.

ఎలుకల ఫలితాన్ని చదివేటప్పుడు కొన్ని సంగతులు మనసులో ఉంచుకోవాలి. స్ట్రెప్టోజోటోసిన్ బీటా కణాలను చంపి తెచ్చే జబ్బు మొదటి రకం మధుమేహానికి దగ్గర. మన రోగుల్లో నూటికి తొంభై మందికి ఉన్నది రెండో రకం. సారాన్ని రసాయనానికి ముందో, దాని వెంటనో ఇస్తే అది విషానికి అడ్డుపడి ఉండవచ్చు. విషం నుంచి కాపాడడాన్ని మధుమేహం తగ్గించడంగా చెప్పకూడదు. చేదు సారం మింగిన ఎలుక తిండి తగ్గిస్తుంది. తిండి తగ్గితే చక్కెరా తగ్గుతుంది. అందుకే తిన్న మేతను తూచి చూపని పత్రాన్ని నేను నమ్మను. ఆధునిక నమూనాల్లో కొవ్వు మేత పెట్టి తక్కువ మోతాదు స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చే పద్ధతి, పుట్టుకతోనే స్థూలకాయం వచ్చే ఎలుకలు మనుషుల జబ్బుకు మరికొంత దగ్గర. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో పుట్టిన స్థూలకాయపు ఎలుకల జాతులు ఇలాంటివే. దేశంలోనే దొరికే ఈ ఎలుకలను మొక్కల పరీక్షకు ఇంకా విస్తారంగా వాడుకోవచ్చు.

మోతాదు లెక్క ఇంకో చిక్కు. ఎలుకకు కిలోకు 400 మిల్లీగ్రాములు పనిచేసిందంటే మనిషికి అదే అంకె వర్తించదు. శరీర ఉపరితలం లెక్కన దాన్ని 6.2తో భాగించాలి. కిలోకు సుమారు 65 మిల్లీగ్రాములు వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 4 గ్రాముల సారం. వంద గ్రాముల ఎండుటాకుకు పది గ్రాముల సారం వచ్చిందనుకుంటే, 40 గ్రాముల ఎండుటాకు కావాలి. పచ్చి ఆకు అయితే అంతకు కొన్ని రెట్లు. ఉదయాన్నే నాలుగు ఆకులు నమలడానికి, ఆ ఎలుకల పత్రానికి సంబంధం లేదని ఈ లెక్కతోనే తెలుస్తుంది.

చక్కెర తగ్గడం దానంతటదే మందు లక్షణమూ కాదు. జమైకాలో పచ్చి అకీ పండు తిన్నవారికి రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందులోని హైపోగ్లైసిన్ కొవ్వుల దహనాన్ని, కాలేయం చక్కెర తయారుచేసే దారినీ ఆపేస్తుంది. కాలేయాన్ని దెబ్బతీసే ఏ పదార్థమైనా పరగడుపు చక్కెరను తగ్గించగలదు. అందుకే కాలేయపు కోతను చూపని పరీక్ష అసంపూర్ణం.

వేగిస చెట్టు విషయంలో జరిగింది ఈ దశలో జాగ్రత్త ఎంత అవసరమో చూపుతుంది. దాని బెరడులోని ఎపికాటెకిన్ ఎలుకల్లో నశించిన బీటా కణాలను తిరిగి పుట్టించిందని 1982లో భారతీయ పరిశోధకులు ప్రకటించారు. ప్రపంచమంతా ఆసక్తిగా చూసింది. వేరే ప్రయోగశాలలు అదే పని చేసి చూసినప్పుడు ఆ ఫలితం రాలేదు. ఒక ప్రయోగశాల చెప్పినదాన్ని మరొకటి నిర్ధారించేవరకు ఆగడం ఈ రంగంలో కనీస నియమం.

మనుషుల మీద

ఇక్కడికి వచ్చిన మొక్కలు తక్కువ. వచ్చిన వాటిలో మనకు అతి దగ్గరిది మెంతులు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థలో 1980లలో మొదలైన పరిశోధన ఇది. 1990లో ప్రచురించిన పరీక్షలో మొదటి రకం మధుమేహం ఉన్నవారికి నూనె తీసిన మెంతి పొడి రోజుకు 100 గ్రాములు, మధ్యాహ్న, రాత్రి భోజనాల్లో సగం సగం కలిపి పది రోజులు పెట్టారు. పరగడుపు చక్కెర తగ్గింది, మూత్రంలో పోయే చక్కెర 54 శాతం తగ్గింది, కొలెస్టరాల్ కూడా తగ్గింది. మెంతుల్లోని జిగురు పీచు పేగుల్లో ఉబ్బి చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గించడం దీనికి ముఖ్య కారణం. రాత్రి నానబెట్టిన ఒక చెంచా మెంతులు అయిదు గ్రాములకు మించవు. సంస్థ పరీక్షించిన మోతాదుతో పోల్చి చూస్తే, చెంచాడు మెంతుల నుంచి ఎంత ఆశించాలో అర్థమవుతుంది. మోతాదును, తీసుకున్న పద్ధతిని ఇంత స్పష్టంగా రాసిన పరీక్ష కావడమే దీని గొప్పతనం.

దొండ ఆకు మీద బెంగుళూరులో జరిగిన పరీక్ష కూడా చెప్పుకోదగ్గది. కొత్తగా మధుమేహం బయటపడిన 60 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు రోజుకు ఒక గ్రాము సారం, రెండో గుంపుకు మందు లేని మాత్రలు 90 రోజులు ఇచ్చారు. ఎవరిది ఏదో రోగికీ వైద్యుడికీ తెలియదు. మందు లేని గుంపుతో పోలిస్తే పరగడుపు చక్కెర 16 శాతం, తిన్న తర్వాతది 18 శాతం తగ్గినట్టు 2008లో ప్రచురించారు. చిన్న పరీక్షే అయినా పద్ధతి సరైనది. దీన్ని పెద్ద ఎత్తున మళ్ళీ చేయాల్సింది.

నేరేడు కథ వేరు. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల టీ మధుమేహానికి విరివిగా తాగుతారు. పోర్టో అలెగ్రె పరిశోధకులు 2004లో ప్రచురించిన పరీక్షలో ఒక గుంపుకు నేరేడు టీతో ఉత్తుత్తి మాత్ర, మరో గుంపుకు ఉత్తుత్తి టీతో గ్లిబెన్‌క్లమైడ్, మూడో గుంపుకు రెండూ ఉత్తుత్తివి ఇచ్చారు. మాత్ర తీసుకున్నవారిలో చక్కెర తగ్గింది. నేరేడు టీ తాగినవారిలో తగ్గలేదు. మన దగ్గర వాడేది గింజల పొడి కాబట్టి ఈ ఫలితం దానికి నేరుగా వర్తించదు. కానీ గింజల పొడిని కూడా ఇంత శ్రద్ధగా పరీక్షించే బాధ్యత మనదే.

కాకర మీద ప్రయోగశాల పనికి లోటు లేదు. చరాంటిన్, ఇన్సులిన్‌ను పోలిన ఒక ప్రొటీను అందులో ఉన్నాయని 1980లకే తెలుసు. అయినా 2012లో, జరిగిన పరీక్షలను కలిపి చూసే కోక్రేన్ సంస్థ సమీక్ష 479 మంది పాల్గొన్న నాలుగు పరీక్షలను పరిశీలించి, సిఫారసు చేయడానికి ఆధారం చాలదని తేల్చింది. థాయిలాండ్‌లో 2011లో రోజుకు 2000 మిల్లీగ్రాముల ఎండు కాకర కొంత ఫలితమిచ్చినా, 1000 మిల్లీగ్రాముల మెట్‌ఫార్మిన్ కంటే అది తక్కువే. కాకర గింజల్లోని విసిన్, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవారికి ప్రమాదకరం. కూరగా తినడానికి అభ్యంతరం ఏమీ లేదు. దాల్చినచెక్కదీ ఇదే దారి. 2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద జరిగిన పరీక్ష గొప్ప ఫలితం చూపింది. 2012 నాటికి పది పరీక్షలు, 577 మందిని కలిపి చూస్తే ఆ ఫలితం నిలబడలేదు.

పొడపత్రి ఆకు నమిలితే కాసేపు తీపి తెలియదు. ఆ తర్వాత పంచదార వేసుకుంటే నోట్లో ఇసుక నమిలినట్టు ఉంటుంది. నాలుక మీద తీపిని పట్టే గ్రాహకాలను జిమ్నీమిక్ ఆమ్లాలు కప్పేయడం దీనికి కారణం. మద్రాసులో తయారుచేసిన సారాన్ని 22 మంది రెండో రకం రోగులకు రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున 18 నుంచి 20 నెలలు ఇచ్చి 1990లో ఫలితాలు ప్రచురించారు. వారిలో అయిదుగురు మామూలు మందులు మానగలిగారు. ఇంత కాలం సాగిన మొక్కల పరీక్ష అరుదు. అయితే రోగులను చీటీ పద్ధతిలో గుంపులుగా విడదీయలేదు, మందు ఏదో అందరికీ తెలుసు. ఆశ కలిగించే ఫలితమే గాని తీర్పు కాదు.

భారత వైద్య పరిశోధన మండలి వేగిస సారాన్ని 97 మందికి ఇచ్చి, 12 వారాల్లో 67 మందిలో చక్కెర అదుపులోకి వచ్చిందని 1998లో ప్రకటించింది. అది పోలిక గుంపు లేని పరీక్ష. ఆసుపత్రికి క్రమంగా వస్తూ, తిండి మీద శ్రద్ధ పెట్టిన రోగికి మందు లేకుండానే కొంత తగ్గుతుంది. ఆ భాగం ఎంతో పోలిక గుంపు చెబుతుంది. వేగిస చెక్క గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగేవారు ఈ పరీక్షను చూపుతుంటారు. పరీక్షించింది కొలిచిన సారాన్ని. గ్లాసులో నానిన నీటిని కాదు.

ఒక్క పదార్థంగా వేరుచేసి పరీక్షించిన వాటిలో బెర్బెరిన్ ముందుంది. 2008లో షాంఘైలో కొత్త రోగులకు రోజుకు మూడుసార్లు 500 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు ఇచ్చినప్పుడు మూడు నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ 9.5 నుంచి 7.5 శాతానికి తగ్గింది. మెట్‌ఫార్మిన్‌కు దాదాపు సమానం. పాల్గొన్నవారు 36 మందే. పేగుల నుంచి రక్తంలోకి అది చేరేది అతి తక్కువ. కాలేయంలో ఇతర మందులను విరగ్గొట్టే ఎంజైములకు అది అడ్డుపడుతుంది.

చట్టం, క్షేమం

మనుషుల మీద జరిగే పరీక్షలను ముందే నమోదు చేసే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. దీనివల్ల ఫలితం అనుకూలంగా రాని పరీక్షను మూలన పడేయడం కష్టమవుతుంది. మొక్క సారాన్ని కొత్త మందుగా అనుమతించే ఫైటోఫార్మాస్యూటికల్ నిబంధనలు 2015లో వచ్చాయి. కనీసం నాలుగు పదార్థాలను గుర్తించి, కొలిచి, శుద్ధి చేసిన సారం అయి ఉండాలి. జంతువుల్లో, మనుషుల్లో క్షేమం, ఫలితం రెండూ చూపాలి. ప్రాచీన గ్రంథాల్లో ఉన్న యోగాలకు ఈ నిబంధన వర్తించదు. మన విశ్వవిద్యాలయాల్లో ఎలుకల దాకా వచ్చి ఆగిన మొక్కలకు ముందుకు సాగే చట్టబద్ధమైన దారి ఇదే. ఒక్కో విశ్వవిద్యాలయం ఏడాదికి అయిదు కొత్త మొక్కలను ఎలుకల మీద చూసే బదులు, బలమైన ఆధారం ఉన్న ఒక్కదాన్ని వైద్య కళాశాలతో కలిసి రోగుల దాకా తీసుకెళ్తే ఎక్కువ మేలు.

మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి ఔషధ, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద, ఫోన్లలో అలాంటి ప్రకటనలు ఆగలేదు. కొన్ని పొడుల్లో గ్లిబెన్‌క్లమైడ్, మెట్‌ఫార్మిన్ వంటి అల్లోపతి మందులు కలిపినట్టు అనేక దేశాల్లో పరీక్షల్లో దొరికింది. బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి భారలోహాలు ఉన్నట్టు 2004లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చింది. వారంలోనే చక్కెర అమాంతం పడిపోయిందంటే ఆ పొడిని అనుమానించాలి.

మొక్కల మందు మాత్రతో కలిసినప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చు. కాకర, క్లోర్‌ప్రొపమైడ్ అనే మాత్ర కలిసి అలా జరిగిన రోగి గురించి 1979లోనే లాన్సెట్ పత్రిక రాసింది. కాబట్టి ఏ ఆకు, ఏ పొడి వాడుతున్నా డాక్టరు దగ్గర దాచకండి. సీసాను గానీ పొట్లాన్ని గానీ వెంట తీసుకెళ్ళి చూపించండి. మొదలుపెట్టేముందు, మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించుకోండి. మొదటి రకం మధుమేహం ఉన్న పిల్లలకు, పెద్దలకు ఏ మొక్కా ఇన్సులిన్‌కు బదులు కాదు. ఒక్క పూట కూడా ఇన్సులిన్ మానవద్దు.